గ్రీన్‌లాండ్ కనపడాలంటే కుడివైపు కిటికీ

అమెరికా వచ్చే అమ్మానాన్నలకి టికెట్ బుక్ చేసేటప్పుడు అందరూ చెప్పే మాట ఒకటే, పెద్దవాళ్ళు కదా బాత్రూమ్‌కి లేవాలి, ఐల్ సీట్, అంటే నడవ పక్క సీటు తీసుకో అని. తప్పేం లేదు, మోకాళ్ళ నొప్పులుంటే అదే కరెక్ట్. కానీ పోయిన జూన్‌లో అమ్మని లండన్ మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో తీసుకొచ్చినప్పుడు లండన్ దాకా ఐల్ ఇచ్చి, లండన్ నుంచి మాత్రం పట్టుబట్టి కుడివైపు కిటికీలో కూర్చోబెట్టా, పక్క సీట్లో నేనే ఉన్నా కాబట్టి ఎప్పుడు లేవాలన్నా ఇబ్బంది లేదు.

ఎందుకంత పట్టుదల అంటే, అంతకు ముందు ఇదే రూట్లో ఎక్స్‌ట్రా డబ్బులు కట్టి మరీ ఎడమవైపు కిటికీ తీసుకున్నా. సరిగ్గా రెక్క మీద. కింద చూస్తే రెక్క, పైన చూస్తే ఎండ మొహం మీద. నాలుగు గంటలయ్యాక కాళ్ళు పట్టేసి వెనక్కి నడిచి అవతలి వైపు తలుపుకుండే చిన్న కిటికీలోంచి చూశా, కింద గ్రీన్‌లాండ్. పది నిమిషాలు అక్కడే నిలబడిపోయా.

గ్లోబు మీద లండన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి దారం బిగించి పెట్టి చూడండి, అది పైకి వంగి గ్రీన్‌లాండ్ మీదుగానే పోతుంది, సుమారు 8,600 కిలోమీటర్లు, 11 గంటలు. పైగా పడమరకి వెళ్ళేటప్పుడు జెట్ స్ట్రీమ్ (బాగా ఎత్తున పడమర నుంచి తూర్పుకి జోరుగా వీచే గాలి) ఎదురు కాకుండా తప్పించుకోడానికి ఇంకా ఉత్తరంగా పోతారు. మధ్యాహ్నం ఫ్లైట్ అయితే మనం సూర్యుడితో పాటే పడమరకి పోతుంటాం కాబట్టి ఎండాకాలంలో దారంతా పగలే, గ్రీన్‌లాండ్ దాటేదాకా సూర్యుడు దక్షిణాన అంటే ఎడమ పక్కనే ఉంటాడు. అప్పటిదాకా కుడి పక్కన కళ్ళల్లో ఎండ పడదు, వెలుగంతా నేల మీద పడుతుంది. తిరుగు ప్రయాణం ఎక్కువగా రాత్రి, దానికి ఐల్ తీసుకుని హాయిగా పడుకోండి.

కుడి కిటికీ అంటే సీటు నంబరు చివర కె గానీ ఎల్ గానీ ఉంటుంది. రెక్కకి బాగా ముందు, లేదంటే బాగా వెనక. ఇంజన్ వెనకే కూర్చుంటే ఆ వేడిగాలికి కింద అంతా అలికేసినట్టు కనిపిస్తుంది. కొన్ని వరసల్లో కిటికీ సీటని పేరే గానీ పక్కన గోడే ఉంటుంది, సీట్ మ్యాప్ ఒకసారి చూసుకోండి. రూట్ గాలిని బట్టి రోజూ మారుతుంది, విమానాల దారులు చూపించే ఫ్లైట్‌రాడార్24 సైట్లో గత వారం ఆ ఫ్లైట్ ఎటు పోయిందో చూస్తే ఒక అంచనా వస్తుంది. మబ్బు పడితే మాత్రం మనం చేసేదేం లేదు. మాది బోయింగ్ 787 విమానం, దానికి షట్టర్ ఉండదు, బటన్ నొక్కితే అద్దమే నీలంగా ముదురుతుంది, భోజనాలయ్యాక క్రూ అన్నీ ఒకేసారి ముదురు చేసేశారు, మా అమ్మ మొదటిసారి వస్తోందండీ అని అడిగితే మా కిటికీ కాస్త తేటగా ఉంచారు.

ముందు తూర్పు తీరం వచ్చింది. మంచులోంచి పొడుచుకొచ్చిన నల్ల కొండలు, వాటి మధ్య సన్నటి సముద్రపు పాయలు, నీళ్ళల్లో విరిగిపడ్డ మంచు ముక్కలు. తర్వాత చాలాసేపు తెలుపు తప్ప ఏమీ లేదు, ఆ దీవిలో 80 శాతం దాకా మంచే. అమ్మ అద్దానికి నుదురు ఆనించి "ఒరేయ్, దీని కింద నేలుందా?" అంది. ఉందమ్మా, కొన్నిచోట్ల మూడు కిలోమీటర్ల లోతున అంటే నమ్మలేదు. పడమటి వైపు ఆ మంచు మీదే కరిగిన నీళ్ళు నీలం మడుగులు కట్టి ఉన్నాయి. అది దాటాక సముద్రం మీద పగుళ్ళిచ్చిన మంచు, "మే నెలలో మన చెరువు ఇట్టాగే నెర్రెలిస్తుంది" అంది.

అమ్మ పుట్టిల్లు ఉప్పు పండించే చినగంజాం దగ్గర. దిగేటప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో బే పక్కన ఎర్రగా, గులాబీ రంగుగా గళ్ళు గళ్ళుగా నీళ్ళు కనపడగానే నా చెయ్యి పట్టుకుని "ఉప్పు కొఠార్లురా!" అంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఆ ఎరుపేంటో నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఉప్పు పండే ముందు నీళ్ళు బాగా చిక్కబడితే అట్టా ఎర్రబడతాయంట. టైర్లు నేలకి తగిలేదాకా అదే చెప్తూ కూర్చుంది.