మా హాలు చెక్క కప్పు: ఇంకో అంకణం మిగిలింది

మాది మూడు అంకణాల హాలు, అంటే దూలాల మధ్య మూడు అరలు. పైన టేకు దూలాలు, వాటి మీద టేకు చెక్కలు, అన్నీ తాతయ్య కట్టించిన నాటివే. పోయిన వానాకాలం మేడ మీద నీళ్లు దిగి మూడు చెక్కలు పుచ్చిపోతే వడ్రంగి కొత్తవి వేసి వెళ్లాడు. పనికి వంక పెట్టలేం. కానీ తలెత్తితే చింతపండులో కొబ్బరిముక్కల్లా ఆ మూడే కనబడుతున్నాయి. వాటిని మిగతావాటిలో కలిపేయడమే ఈ నెల రోజులుగా నా ఆదివారాల పని.

సగం రోజులు గోకడానికే పోయాయి. పాత వార్నిష్ ఉండగా స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) వేస్తే చెక్క పీల్చుకోదు, జిగటగా పైనే ఉండిపోతుంది. 80 నంబరు ఎమ్రీ కాగితంతో మొదలుపెట్టి 120, చివరికి 180. అంతకన్నా నున్నగా చేస్తే రంగు పట్టదు. నార వెంటే రుద్దాలి. అడ్డంగా పడ్డ గీతలు అప్పటికి కనబడవు గానీ రంగు తగలగానే నల్లగా తేలతాయి. కళ్లజోడు, మాస్కు తప్పనిసరి. టేకు పొడికి మొదటిరోజే నా మెడంతా దద్దురు లేచింది. మేకుల కన్నాలకి రంగు కలిపిన పుట్టీయే పెట్టాలి, తెల్ల పుట్టీ మచ్చల్లా మిగిలిపోతుంది.

రెండో ఆదివారం బోల్తా పడ్డాను. టేకు ముక్క మీద వాల్‌నట్ షేడు వేసి, బల్ల మీదే చూసి, సరిపోయిందనుకున్నా. పైన వేసి సీలర్ (రంగు మీద వేసే పూత) కొట్టేసరికి బాగా ముదిరిపోయింది. ఆ చెక్క మళ్లీ గోకాను. ఇప్పుడు ముక్క మీద సీలర్ కూడా వేసి, ఆరాక, పైన పాత చెక్క పక్కన ఆనించి పగలొకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూస్తున్నా. టేకు షేడు మూడు వంతులు, వాల్‌నట్ ఒక వంతు కుదిరింది. పాతవాటికి ఒక కోటు, కొత్తవాటికి రెండు. కొత్త టేకు వెలుతురుకి తనంతట తనే ముదురుతుంది కాబట్టి పిసరంత లేతగానే ఆపాను. "ఇంకా తెల్లగానే ఉందిరా" అంటోంది అక్క. ఉండనీ.

టేకులో నూనె ఉంటుంది, ముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి. బ్రష్షు మానేశాను, మోచేతి దాకా కారుతోంది. పాత బనియన్ గుడ్డ ముంచి, బాగా పిండి, చెక్కని ఈ చివర నుంచి ఆ చివరకి ఆగకుండా తడపాలి. ఆగితే అక్కడ అతుకు పడుతుంది. నిచ్చెన మీద అది కుదరదు, అందుకే పరంజా కట్టుకున్నా. పది నిమిషాలయ్యాక పొడిగుడ్డతో తుడిచేయాలి.

ఆ గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. ఆయిల్ స్టెయిన్ ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి పోయే దారి లేక నిప్పంటుకోవచ్చు. నేను పెరట్లో దండెం మీద విడివిడిగా ఆరేస్తున్నా. ఓసారి అమ్మ ఉతికే బట్టలనుకుని నీళ్ల బకెట్లో పడేసింది. అదీ మంచిదే.

రెండు అంకణాలు అయ్యాయి. మూడోది వంటింటి వైపుది, కట్టెల పొయ్యి రోజుల పొగంతా అక్కడే పట్టింది. ఆరు గుడ్డలు మార్చినా థిన్నర్ ఇంకా నల్లగానే వస్తోంది.