బండి స్టాండు లెక్క

"మెట్రోల డిస్కౌంట్ అంటరు గానీ అన్నా, ఆ పైసలు బండి స్టాండుకే పోతయి కదా!" పొద్దున నల్లగొండ బస్సులో పక్క సీటు పిల్లగాడు. చేతిల స్టాండు చీటీ, దానిమీద బాల్‌పెన్నుతో గీకిన బండి నంబరు.

బండి స్టాండుల పెట్టి బస్సో మెట్రోనో ఎక్కేటోళ్లకు తగ్గింపు టికెట్ మీద ఇయ్యాలెనా, పార్కింగ్ మీదనా అన్నదే ముచ్చట. పిల్లగాడి మాట నిజమే. 2025 మేలో హైదరాబాద్ మెట్రో చార్జీలు 12–75 రూపాయలకు పెంచి, వారానికే 10 శాతం తగ్గింపని చెప్పి 11–69 చేసిండ్రు. ఎల్బీనగర్‌ల ఎక్కి మియాపూర్ దాకా పోయినా తగ్గింది 6 రూపాయలు. రెండు స్టేషన్లకైతే ఒక్క రూపాయి. దానికోసం బండి ఎవరు దిగుతరు?

తగ్గింపు పార్కింగ్ మీద ఇయ్యాలె. అది కూడా బండి తీసేటప్పుడు, ఆ రోజు ప్రయాణం చేసిన కార్డో టికెట్టో చూపిస్తేనే. పెట్టేటప్పుడే అందరికీ ఇస్తే పక్క షాపులకొచ్చినోళ్ల బండ్లతో స్టాండు నిండుతది, తొమ్మిదింటికి వచ్చిన ప్యాసింజరుకు జాగ దొరకదు.

ఆడవాళ్ల సంగతి వేరే. మహాలక్ష్మి పథకం వచ్చినంక, అంటే 2023 డిసెంబర్ 9 నుంచి, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల వాళ్లకు చార్జీ లేదు. సున్నా మీద డిస్కౌంట్ ఏమిస్తరు? స్కూటీ పెట్టి బస్సెక్కే అక్కలకు ఖర్చంతా స్టాండు కాడనే. కండక్టర్ కొట్టే జీరో టికెట్టే రుజువు, కొత్త కార్డు కూడా అక్కర్లేదు.

ఇంకో తిరకాసు గంటలది. స్టాండుల 12 గంటల రేటంటే పొద్దున ఆరున్నరకు పెట్టినోడు సాయంత్రం ఆరున్నరకల్లా నల్లగొండల దిగాలె. హైదరాబాద్‌ల ఆఫీసు వదిలేదే ఆరింటికి. కనీసం 16 గంటలన్నా పెట్టుండ్రి.