రాత్రి తొమ్మిదిన్నరకి కాల్

పోయిన నెల మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి క్యాంటీన్‌లో పక్కన కూర్చుని "అక్కా, మీరు ఇదివరకు ఓపెన్ సోర్స్‌లో బాగా చేసేవారట కదా, ఎందుకు మానేశారు" అని అడిగింది. (ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టిన సాఫ్ట్‌వేర్, ఎవరైనా చూసి మార్చి పంపొచ్చు.) "టైమ్ దొరకట్లేదమ్మా" అనేసి లేచొచ్చేశాను గానీ ఆ రోజంతా ఆ మాట నన్ను వదల్లేదు. టైమ్ దొరకలేదన్నది నిజమే. కానీ నాతో పాటే మొదలుపెట్టిన మా బ్యాచ్ అబ్బాయిలు నలుగురు ఇప్పటికీ చేస్తున్నారు, వాళ్లకీ ఉద్యోగాలున్నాయి, వాళ్లకీ పిల్లలున్నారు, మరి వాళ్లకి దొరికిన టైమ్ నాకెందుకు దొరకలేదో నేను తనకి చెప్పలేదు. అది ఇక్కడ చెప్పుకుంటున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది.

2014లో నేను మాదాపూర్‌లో పీజీ హాస్టల్లో ఉండేదాన్ని, ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఫోన్‌లో కాంటాక్ట్స్ చూపించే ఒక చిన్న ఫ్రీ యాప్ వాడేదాన్ని. పేరు పొడుగ్గా ఉంటే అది చివర కత్తిరించి చుక్కలు పెడుతుంది, ఇంగ్లీషు పేరైతే ఏం కాదు, తెలుగు పేరైతే అక్షరం మధ్యలో కోసేసేది. "క్ష్మి" అనేది మనకి ఒక్కటే అక్షరం, కంప్యూటర్‌కి మాత్రం అవి ఆరు ముక్కలు: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. రెండో పొల్లు దగ్గర తెగిందంటే విజయలక్ష్మి కాస్తా విజయలక్ష్ అయి కూర్చుంటుంది. ఊరెళ్లినప్పుడు మా అమ్మ నా ఫోన్ చూసి "ఇదేంటే, పిన్ని పేరు సగమే ఉంది" అంది. ఆ సోర్స్ కోడ్ దించుకుని రెండు ఆదివారాలు హాస్టల్ మంచం మీద కూర్చుని, ముక్కలు లెక్కపెట్టి కోయకుండా అక్షరం ఎక్కడ ముగుస్తుందో చూసి కోసేలా మార్చి పంపించాను. వారం తర్వాత ఆ యాప్ చూసుకునే మెయింటైనర్ "థాంక్స్ మ్యాన్" అని రాసి మెర్జ్ చేశాడు, అంటే నా మార్పుని యాప్‌లో కలిపేశాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌లో మన అక్షరం ముక్కలవకుండా కనబడుతుంది, అది నా చేత్తో జరిగింది, ఆ సంతోషం నాకు మొదటి జీతం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఆ "మ్యాన్" అన్నది నేను సరిదిద్దలేదు. నా యూజర్‌నేమ్‌లో ఇనిషియల్స్ తప్ప ఇంకేం లేవు, ఫోటో కూడా లేదు, అది కావాలనే అలా పెట్టుకున్నా, ఎందుకంటే కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి నా సొంత పేరుతో ఒక ఐఆర్‌సీ చాట్ రూమ్‌కి వెళ్లి ఇన్‌స్టలేషన్ డౌట్ అడిగితే, డౌట్‌కి జవాబు రాలేదు గానీ పర్సనల్ మెసేజీలు మాత్రం వరసగా వచ్చాయి. ఇది నా ఒక్కదాని అనుభవమేమో అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, 2006లో అమెరికాలో మేరీల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు ఇదే పరీక్ష పెట్టి చూశారని, చాట్ రూముల్లో ఏమీ మాట్లాడకుండా ఊరికే ఉండే బాట్‌లకి (మనుషుల్లా కనబడే ప్రోగ్రాములకి) కొన్నిటికి ఆడపేర్లు కొన్నిటికి మగపేర్లు పెట్టి వదిలితే, ఆడపేరున్నవాటికి 25 రెట్లు ఎక్కువ వేధింపు మెసేజీలు వచ్చాయట. నోరు తెరవని బాట్‌కే అంత జరిగింది.

ఓపెన్ సోర్స్ కోడ్ ఎక్కువగా ఉండే గిట్‌హబ్ అనే సైట్‌లో పుల్ రిక్వెస్టుల మీద, అంటే ఈ మార్పు మీ కోడ్‌లో కలపండి అని పంపేవాటి మీద కూడా ఒక పరిశోధన 2017లో వచ్చింది. మొత్తమ్మీద చూస్తే ఆడవాళ్లు పంపినవి దాదాపు 79 శాతం మెర్జ్ అయ్యాయి, మగవాళ్లవి 74.6 శాతం, అంటే మనదే పైచేయి. కానీ ఆ ప్రాజెక్టుకి కొత్తగా వచ్చినవాళ్ల వరకే విడిగా చూస్తే, ప్రొఫైల్‌లో ఆడపిల్ల అని తెలిసిపోతున్నప్పుడు ఆ రేటు మగవాళ్లకంటే కిందికి పడిపోయింది. నాకది చదివినప్పుడు గుండె బరువెక్కింది. ఇనిషియల్స్ పెట్టుకున్న నాలాంటి వాళ్లు ఎంతమంది ఉండుంటారో, వాళ్లు ఎవరికి వాళ్లు తామొక్కరే అనుకుంటూ ఉండుంటారు.

కానీ నేను మానేసింది వీటి వల్ల కాదు. ఇవి నన్ను ఇబ్బంది పెట్టాయి, ఆపలేకపోయాయి. నన్ను ఆపింది రాత్రి తొమ్మిదిన్నర.

మా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో వారానికోసారి కాల్ ఉండేది, కాలిఫోర్నియాలో పొద్దున తొమ్మిదింటికి, అంటే ఎండాకాలంలో మనకి రాత్రి 9:30, చలికాలంలో 10:30. హాస్టల్లో ఉన్నన్నాళ్లు అదేం పెద్ద విషయం కాదు. పెళ్లయ్యాక మియాపూర్ వచ్చేశాం, అత్తయ్య మావయ్య మాతోనే ఉంటారు. తొమ్మిదిన్నర అంటే మావయ్యకి చపాతీలు పెట్టే టైమ్, తర్వాత గిన్నెలు, పాలు తోడు పెట్టడం, తర్వాత బాబు పుట్టాక వాణ్ణి పడుకోబెట్టడం. ఒక విషయం స్పష్టంగా చెప్పాలి, మా ఇంట్లో నన్ను ఎవరూ వద్దనలేదు. అత్తయ్య చాలా మంచి మనిషి. ఒకరోజు నేను ల్యాప్‌టాప్ పట్టుకుని గదిలోకి వెళ్తుంటే "ఆఫీస్ కాలా అమ్మా" అని అడిగింది. కాదత్తయ్యా, ఇది వేరే అన్నా. "దానికీ జీతమిస్తారా" అంది. ఇవ్వరన్నా. "మరి ఎందుకమ్మా ఇంత రాత్రి వేళ" అంది, నా మీద జాలితోనే అంది, అలిసిపోతున్నానని. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది.

అదే మా ఆఫీస్ కాల్ పదింటికి ఉంటే తలుపు దగ్గరకేసి కూర్చుంటా, బాబు ఏడ్చినా అత్తయ్యే ఎత్తుకుంటుంది, టీవీ సౌండ్ తగ్గిస్తారు. ఎందుకంటే అది జీతమొచ్చే పని. మన ఇళ్లల్లో ఆడపిల్ల ఇంటి బయట పనికి టైమ్ పెట్టాలంటే ఆ టైమ్‌కి ఒక కారణం చూపించాలి, ఈ ముప్పై ఏళ్లలో మనవాళ్లు ఒప్పుకున్న కారణం ఒక్కటే, జీతం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి ఆ ఒక్క తలుపు తెరిచింది, అది చిన్న విషయమేమీ కాదు, మన దేశంలో ఐటీ ఉద్యోగుల్లో మూడో వంతుకి పైగా ఆడవాళ్లే. కానీ ఓపెన్ సోర్స్‌లో నాలాంటి వాళ్లు చేసేది ఊరికే చేసే పని, ఊరికే చేసే పని మనకి ఇంట్లో ఆల్రెడీ ఒకటుంది.

2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు చేస్తే మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నారని లెక్క తేలింది. 289 నిమిషాలంటే ఇంచుమించు ఐదు గంటలు. దానికీ పైసా రాదు. వాలంటీర్ అనే మాట వింటే అందరికీ ఇష్టంగా సాయం చేసేవాళ్లు గుర్తొస్తారు, నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం ఆ మనిషి ఇంట్లో అన్నం ఎవరు వండుతున్నారు అని.

"ఆడవాళ్లకి ఇంట్రెస్ట్ ఉండదు" అనే మాట నేను కనీసం యాభైసార్లు విన్నా, మంచి స్నేహితుల నోటి నుంచే విన్నా. 2006లో యూరోపియన్ యూనియన్ డబ్బుతో జరిగిన ఒక అధ్యయనంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ (అంటే ఓపెన్ సోర్స్) చేసేవాళ్లలో ఆడవాళ్లు 1.5 శాతం అని తేలింది, అదే జీతాలిచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో 28 శాతం. తర్వాత పదకొండేళ్లకి, 2017లో, గిట్‌హబ్ చేసిన సర్వేలో జవాబిచ్చినవాళ్లలో ఆడవాళ్లు 3 శాతం. చేసే పని రెండు చోట్లా ఒకటే, అదే కోడ్. కోడ్ మీద ఇంట్రెస్ట్ లేకపోతే ఆ 28 శాతం ఎక్కణ్ణించి వచ్చినట్టు?

దీనికి నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యంగా కనబడేది గ్నోమ్ వాళ్ల కథ. లైనక్స్ (విండోస్ లాంటిదే, కాకపోతే ఓపెన్ సోర్స్) వాడేవాళ్లకి గ్నోమ్ అంటే తెలుసు, అందులో తెర మీద కనబడే డెస్క్‌టాప్. 2006లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి (విద్యార్థులకి డబ్బిచ్చి వేసవిలో ఓపెన్ సోర్స్ పని చేయించే ప్రోగ్రామ్) గ్నోమ్ తరఫున 181 దరఖాస్తులు వస్తే వాటిలో ఒక్క అమ్మాయి కూడా లేదు. సున్నా. అప్పుడు వాళ్లు అమ్మాయిల కోసమే విడిగా ఒక వేసవి ప్రోగ్రామ్ పెట్టి, మీరు రండి, స్టైపెండ్ ఇస్తాం అని చెప్తే వంద దాకా దరఖాస్తులొచ్చాయి, ఆరుగురిని తీసుకున్నారు. అదే ఏడాది, అదే ప్రాజెక్టు. సమ్మర్ ఆఫ్ కోడ్‌లోనూ డబ్బులున్నాయి కాబట్టి డబ్బు ఒక్కటే సరిపోదని కూడా అర్థమవుతుంది, "ఇది మీకోసమే" అని ఎవరో ఒకరు నోరు తెరిచి పిలవాలి. 2010లో దాన్ని మళ్లీ మొదలుపెట్టారు, అదే ఇప్పుడు అవుట్రీచీ. మూడు నెలలు ఇంటి నుంచే పని, పక్కన మెంటర్ ఉంటారు, 7000 డాలర్లు ఇస్తారు. మన దేశం నుంచి చాలామంది అమ్మాయిలు దాని ద్వారానే వచ్చారు. మా అత్తయ్య అడిగిన ప్రశ్నకి అక్కడ జవాబుంది: అవునత్తయ్యా, ఇస్తారు.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్లది కూడా చెప్పాలి. అమెరికాలో జరిగే వాళ్ల సదస్సు పైకాన్‌లో 2011లో మాట్లాడినవాళ్లలో ఆడవాళ్లు 1 శాతం, 2016కి 40 శాతం. నిర్వాహకులు ఒక్కొక్కరికీ విడివిడిగా ఉత్తరాలు రాసి, మీ పని చూశాం, మీరు టాక్ ఇవ్వాలి అని అడిగారు. ఐదేళ్లలో అంత మార్పు రావడానికి ఇంత ఓపికగా అడిగితే చాలని తెలిశాక, మన దగ్గర మీటప్‌లు పెట్టేవాళ్లు "అందరికీ ఓపెనే కదా, ఎవరూ రాలేదు" అంటే నాకు ఒళ్లు మండుతుంది. శనివారం సాయంత్రం ఆరింటికి గచ్చిబౌలిలో, మెయిన్ రోడ్డుకి రెండు కిలోమీటర్ల లోపల, ఎనిమిదిన్నరకి అయిపోయే మీటప్ అది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే అమ్మాయి తిరిగి ఇల్లు చేరేసరికి ఎంతవుతుందో ఒక్కసారి లెక్కేశారా అన్నా?

అసలు ఇది కాలేజీలోనే మొదలవుతుంది. మా ఇంజనీరింగ్ కాలేజీలో గర్ల్స్ హాస్టల్ గేటు ఆరున్నరకి మూసేసేవాళ్లు, ల్యాబ్ అయిదింటికి. అబ్బాయిల హాస్టల్లో రాత్రంతా పెన్‌డ్రైవ్‌లు తిరిగేవి, ఒక సీనియర్ లైనక్స్ ఎక్కించడం నేర్పితే తెల్లారేసరికి ఫ్లోర్ మొత్తం నేర్చుకునేది, ఎర్రర్ వస్తే పక్కగది తలుపు కొడితే చాలు. మాకు ఎర్రర్ వస్తే పొద్దున ల్యాబ్ తెరిచేదాకా ఆగాలి, అడగడానికి ముందు వెళ్లిన అక్కలూ లేరు. స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు లైనక్స్‌ని తెలుగులోకి తెచ్చారని తెలుసు కదా, వాళ్ల క్యాంప్ ఒకటి ఎండాకాలంలో పగటిపూట పెడితే మా క్లాస్ నుంచి వెళ్లినవాళ్లలో సగం మంది అమ్మాయిలమే. క్యాంప్ అయ్యాక కూడా ఆగకుండా చేసింది మాత్రం అబ్బాయిలే, ఎందుకంటే మిగతాదంతా రాత్రుళ్లు జరిగేది.

ఇంకోటి, లెక్కలోకి రాని పని. నేను కోడ్ మానేశాక కూడా రెండేళ్లు తెలుగు అనువాదాలు చేశాను, బస్సులో ఫోన్‌లో చేసుకోవచ్చు కాబట్టి. "సేవ్"కి "భద్రపరచు" అనాలా, "దాచు" అనాలా, "సేవ్ చేయి" అనేస్తే పోతుందా అని మేం ముగ్గురం నాలుగు రోజులు కొట్టుకున్నాం (నాకు ఇప్పటికీ "దాచు" అంటేనే ఇష్టం, డబ్బులు దాచుకున్నట్టు ఉంటుంది). ఆ ముగ్గురమూ ఆడవాళ్లమే. ఏడాది చివర ప్రాజెక్ట్ వాళ్లు "ఈ ఏడాది కంట్రిబ్యూటర్లు" అని ఒక జాబితా వేస్తే అందులో కమిట్‌లు (కోడ్‌లో నమోదయ్యే మార్పులు) చేసినవాళ్లే ఉన్నారు, మా అనువాదాలన్నీ మూటకట్టి అప్‌లోడ్ చేసిన అబ్బాయి పేరుంది, మా పేర్లు లేవు. అతను మంచివాడే, చూసుకుని తనే బాధపడ్డాడు. కానీ అలా జాబితాలో పేరు లేకపోతే రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించుకోవడానికి నా దగ్గర ఏముంటుంది, అబ్బాయిల రెజ్యూమేల్లో ఆ కమిట్‌లే ఇంటర్వ్యూలు తెచ్చిపెడుతున్నాయి కదా.

మా ఆయన ఇది రాస్తుండగా చదివి, "మరి అప్పుడు నాకెందుకు చెప్పలేదు, వారానికి ఒక్కరోజు చపాతీలు నేను చేసేవాణ్ణి కదా" అన్నాడు. నిజమే, అడిగితే చేసేవాడు. తను వారంవారం ఆదివారం పొద్దున క్రికెట్‌కి వెళ్తాడు, ఎప్పుడూ ఎవర్నీ అడిగి వెళ్లడు, నేనూ అడగాలని అనుకోలేదు. ఆ తేడా గురించి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

తర్వాత ఆ ప్రాజెక్టు వాళ్లకి రాశాను, ఈసారి నా పూర్తి పేరుతో. కాల్ ఎప్పుడూ కాలిఫోర్నియా టైమ్‌కే ఎందుకుండాలి, ఇండియాలో ఇంతమంది వాడుతున్నారు కదా, వారం విడిచి వారం మార్చొచ్చు కదా అని. ఇంత మామూలు మాట పదేళ్ల కింద ఎందుకు అడగలేదో ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. రెండు రోజుల్లో జవాబొచ్చింది, ఇంతవరకు ఎవరూ అడగలేదు, తప్పకుండా మారుద్దాం అని. వచ్చే గురువారం కాల్ మనకి మధ్యాహ్నం 12:30కి, లంచ్ టైమ్. బాబు స్కూల్లో ఉంటాడు.

క్యాంటీన్‌లో అడిగిన అమ్మాయికి ఈ సంగతంతా చెప్పాను. కాల్‌లో తనూ కూర్చుంటానంది. తెలుగులో బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే గుణింతం ఒక్కటే పోవాలా, ఒత్తుతో సహా అక్షరం మొత్తం పోవాలా అన్న బగ్ ఒకటి ఆ ప్రాజెక్టులో ఇంకా అలాగే పడి ఉంది. లింక్ పంపించాను. సాయంత్రం బస్సెక్కేముందు మెసేజ్ పెట్టింది, "అక్కా, క్ష్మి కొట్టి చూశా, మూడు ఫోన్లలో మూడు రకాలుగా చెరుపుతోంది, ఇది నేను తీసుకోనా" అని.