అడుగు అర కాలేదాకా: గ్యాస్ బట్టీలో నా మూడు కాల్పులు

ఈ ఉదయం బట్టీ తలుపు తీయగానే కిందికి వంగి అడుగు అర చూశాను. అక్కడి కప్పులు కూడా పై అర కప్పుల్లాగే నిగనిగలాడుతున్నాయి. నెల రోజులుగా పట్టి ఉన్న టెన్షన్ అప్పటికి వదిలింది. మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

మాది విజయనగరం జిల్లాలో గజపతినగరం వైపు ఒక పల్లె, కుమ్మరి ఇల్లు. మా నాన్న చేసిన కుండలో నీళ్లు రోహిణి కార్తెలో కూడా చల్లగా ఉంటాయని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇప్పటికీ మా గుమ్మానికే వస్తారు. నేను గ్లేజ్ పని, అంటే కాలితే గాజులా మెరిసే పూత పని నేర్చుకుని, నిరుడు చిన్న గ్యాస్ బట్టీ కొన్నాను. లోపల వెడల్పు, లోతు రెండేసి అడుగులు, ఎత్తు రెండున్నర. ఇనుప పెట్టెకి లోపల వేడిని ఆపే సిరామిక్ ఫైబర్, అడుగున రెండు బర్నర్లు, నెత్తిన వేడి పోయే కన్నం, దాని మీద జరుపుకునే పలక. ఆ పలకనే డాంపర్ అంటారు.

విజయనగరంలో ఒక టీ కొట్టాయన పైడితల్లమ్మ సిరిమాను పండక్కి 100 గ్లేజ్ కప్పులు కావాలన్నాడు. చేయడం, ఆరబెట్టడం, గ్లేజ్ పూయకముందు చేసే మొదటి కాల్పు సాఫీగా అయిపోయాయి. వానల రోజులు కాబట్టి ఒక రాత్రంతా ఒక్క బర్నర్ సన్నగా పెట్టి తలుపు ఓరగా ఉంచాను. చూపు కన్నం దగ్గర అద్దం ముక్క పెడితే ఆవిరి పట్టడం ఆగాకే మంట పెంచాను. ఆ ఓపిక లేనివాళ్ల కుండలు లోపలే పేలిపోతాయి.

అసలు కష్టం గ్లేజ్ కాల్పులో వచ్చింది. ఐదు అరలు వేశాను. అడుగు అరలో పలకలు గోడకి గోడ ఆనించి, 36 కప్పులు దగ్గర దగ్గరగా సర్దేశాను. పై అరల్లో వదులుగా పెట్టాను. బట్టీతో వచ్చిన థర్మోకపుల్, అంటే వేడి కొలిచే కడ్డీ, ఒకటే, అది పైన ఉంటుంది. మీటరు 1060 డిగ్రీలు చూపించగానే ఆపేశాను. మర్నాడు ఆత్రం కొద్దీ 250 దగ్గరే తలుపు తీస్తే టింగుమని రెండు కప్పులు చీలాయి. పై అరలో గ్లేజ్ కారి నాలుగు కప్పులు పలకకి అంటుకుపోయాయి, గ్లేజ్ అంటుకోకుండా పలకలకి పూసే కిల్న్ వాష్ పూయకపోవడం నా తప్పే. అడుగు కప్పులు కాస్త మసగ్గా కనిపించాయి. మీటరు 1060 చూపించింది కదా, కాలే ఉంటాయనుకుని మంచివాటితో కలిపి పట్టుకెళ్లాను.

కొట్టు నిండా జనం ఉన్నారు. ఆయన ఒక కప్పు తీసి లోపల బొటనవేలితో రుద్దాడు. వేలికి తెల్లటి పొడి అంటింది. ఆ వేలు నాకు చూపించి, పక్కనున్న నలుగురికీ చూపించి, "కాల్చకుండానే తెచ్చేశావేటి బాబూ? ఇందులో టీ పోస్తే రేపు నా కొట్టుకెవడొస్తాడు?" అన్నాడు. నేనేమీ మాట్లాడలేకపోయాను. నేను కుమ్మరి బిడ్డను. కాల్చకుండా తెచ్చావన్న మాట మా ఇంట్లో ఎవరూ పడలేదు. అట్టపెట్టెలు మళ్లీ ఆటోలో ఎక్కిస్తుంటే చేతులు వణికాయి.

బట్టీ అమ్మినాయనకి ఫోన్ చేస్తే "మీ మట్టి మంచిది కాదండీ" అన్నాడు. ఆ మట్టి చూడను కూడా చూడలేదు. ఆ చెరువు మట్టితోనే మా తాతలు బతికారు. డబ్బు తీసుకున్నాక సరుకులో లోటుంటే దాన్ని కొన్నవాడి మట్టి మీదకి తోసేయడం అన్యాయం. బట్టీ అమ్మేవాళ్లు అరలు ఎలా సర్దాలో ఒక పూట దగ్గరుండి నేర్పాలి. లేకపోతే అమ్మకూడదు.

రెండోసారి గ్లేజ్ కాల్పుకి కోన్‌లు తెప్పించాను. ఇవి ఒక్కోటీ ఒక్కో వేడికి మెత్తబడి వంగే చిన్న మట్టి కడ్డీలు, సున్నా పక్కన అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వేడి కావాలి. 05, 04, 03 మూడూ వరసగా గుచ్చి పైన ఒక జట్టు, అడుగున ఒక జట్టు పెట్టాను. మా గ్లేజ్‌కి 04 వంగాలి, అంటే సుమారు 1060 డిగ్రీలు. కాలని గ్లేజ్ కప్పులు పారేయక్కర్లేదు, మళ్లీ కాల్చవచ్చు. వాటినే మళ్లీ పాత పద్ధతిలోనే సర్దాను. అడుగు కాలాలంటే గ్యాస్ పెంచాలనుకున్నాను. నెత్తి కన్నం లోంచి జానెడు మంట లేచింది, మీటరు మాత్రం 940 దగ్గర రెండు గంటలు కదల్లేదు. గాలికి మించి గ్యాస్ ఇస్తే అది లోపల పూర్తిగా కాలదు, బయటికొచ్చి మండుతుంది. పైగా 19 కిలోల సిలిండర్‌కి కింద మంచు పట్టింది. గ్యాస్ వేగంగా లాగితే లోపలి ద్రవం చల్లబడి ప్రెషర్ పడిపోతుంది. గ్యాస్ డీలర్‌ని అడిగితే "నీ బర్నరే పాడై ఉంటుంది" అని ఫోన్ పెట్టేశాడు. సిలిండర్ మార్చి, గ్యాస్ తగ్గించి ఎలాగో ముగించాను. తెరిస్తే పైన 03 కూడా వాలిపోయి ఉంది. అడుగున 05 నిటారుగా నిలబడి ఉంది.

నాన్న అంతసేపూ గట్టు మీదే కూర్చున్నారు. లేచి వచ్చి లోపలికి చూసి, "ఏట్రా ఇది, మంటకి దారేదిరా? అడుగు మూసీసి పైకి రమ్మంటే అది వెనక సందులోంచి పోదేటి?" అన్నారు. ఆవ, అంటే మా పాతకాలపు కుండల బట్టీ, పేర్చేటప్పుడు ఆయన కుండకీ కుండకీ మధ్య సందులు ఎలా వదులుతారో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఇనుప పెట్టె అనేసరికి అదంతా పక్కన పెట్టేశాను.

మూడోసారి ఇద్దరం కలిసి సర్దాం. నేల నుంచి ఐదంగుళాలు ఎత్తి మొదటి పలక వేశాం. 20 అంగుళాల పలకలే వాడి చుట్టూ గోడకి రెండేసి అంగుళాల సందు వదిలాం. ఒక్కో పలకకీ దాన్ని మోసే మూడు పోస్టులు, కింది పోస్టు మీదే పై పోస్టు. అడుగు అరలో 16 కప్పులే, వేలెడు సందుతో. వత్తుగా సర్దింది పై అరల్లోనే. అన్నీ పట్టకపోతే ఇంకోసారి కాల్చుకోవచ్చు, అత్యాశ వద్దు.

అడుగున రెండో థర్మోకపుల్ పెట్టించాను. ఇది మాత్రం ఖర్చనుకోకండి. రెండు సిలిండర్లు కలిపి గొట్టం వేయించాను. మంచు పట్టిన సిలిండర్ మీద వేణ్నీళ్లు పోయడం, దగ్గర్లో మంట పెట్టడం లాంటివి ఎవరు చెప్పినా చేయకండి. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. అందుకే సిలిండర్లు షెడ్డు బయట పెట్టాను, బర్నర్ దగ్గర నిప్పు పట్టుకున్నాకే గ్యాస్ తిప్పుతాను.

600 దాకా గంటకి 100 డిగ్రీల చొప్పున పెంచాం. 573 దగ్గర మట్టిలో ఇసుక ఒక్కసారిగా ఉబ్బుతుంది, అక్కడ తొందర పనికిరాదు. 850లో పైకీ కిందకీ 70 డిగ్రీల తేడా ఉంది. అప్పుడు గ్యాస్ పెంచకుండా డాంపర్‌ని సగం దాకా మూశాను. అంతకుముందు బార్లా తెరిచి ఉంచితే వేడి నేరుగా నెత్తి నుంచి పోయేది, అడుగు నుంచి చల్లగాలి లాక్కునేది. ఇంకో బట్టీలో కొలత వేరేగా ఉండొచ్చు, అరంగుళం జరిపి పావుగంట ఆగి రెండు మీటర్లూ చూసుకోవాలి. మాకు 1040 దగ్గరికి తేడా 12కి వచ్చింది. అక్కడి నుంచి మెల్లగా పెంచి, చివర అరగంట వేడి కదలకుండా నిలిపాను. చూపు కన్నంలోంచి చూస్తే పైన 04 వంగింది, కాసేపటికి అడుగున 04 కూడా తల వంచింది. నాన్నని పిలిచి చూపించాను. "ఆపీ" అన్నారు.

ఈసారి వేడి 100 లోపు దిగేదాకా ముట్టుకోలేదు. మిగిలిన కప్పులు ముందు కాల్పుల్లోనే అయిపోయాయి. సాయంత్రం వందా కొట్టుకి చేర్చాను. ఆయన అడుగు అర కప్పు ఏదో చెప్పమన్నాడు. తీసిచ్చాను. వేలితో రుద్ది చూసుకుని, మిగతా డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, కార్తీకానికి ఇంకో 60 కావాలన్నాడు.

రేపు తొలేళ్లు, ఎల్లుండి సిరిమాను. పండగ అయ్యాక కోన్‌లకి ఆర్డర్ పెట్టాలి, ఇంట్లో ఒక్క జట్టే మిగిలింది.