అవెంజర్‌కు ఎత్తు హ్యాండిల్ వేయించిన తరువాత

నా బజాజ్ అవెంజర్ స్ట్రీట్ 220కి ఈ వేసవిలో ఎత్తు హ్యాండిల్ వేయించాను. 2015లో ఈ బండిని స్ట్రీట్, క్రూయిజ్ అనే రెండు రూపాల్లో విడుదల చేసినప్పుడు, ఇంజను ఒకటే అయినా, క్రూయిజ్‌కు వెనక్కి వంగి వచ్చే ఎత్తైన హ్యాండిల్‌ను, స్ట్రీట్‌కు పొట్టిగా అడ్డంగా ఉండే హ్యాండిల్‌ను ఇచ్చారు. అమలాపురం నుంచి కొత్తపేట మీదుగా రావులపాలేనికి తరచుగా వెళ్ళి వచ్చే నాకు, కాళ్ళు ముందుకు చాచి, మళ్ళీ చేతుల కోసం నడుము వంచి కూర్చోవలసి రావడంతో, ఇల్లు చేరేసరికి మెడ కింద పట్టేసినట్లుండేది.

హ్యాండిల్ కింద దిమ్మలు పెట్టి ఎత్తు పెంచుకునే మార్గమూ ఉంది కానీ, దానివల్ల హ్యాండిల్ పైకి లేస్తుందే తప్ప మన దగ్గరకు పెద్దగా రాదు. అందుకే క్రూయిజ్ హ్యాండిల్‌నే కొన్నాను.

మొదట వెళ్ళిన షాపులో అరగంటలో బిగించి ఇచ్చేశారు. పాత వైర్లు, పాత బ్రేకు పైపు అలాగే ఉంచారు. "సరిపోతాయండీ, ఏం పర్లేదు" అన్నారు, నేనూ నమ్మాను. ఆ సాయంత్రం కాలువ గట్టు మీద బండి మళ్ళించడానికి హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పగానే, నేను యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే ఇంజను గుయ్యిమని లేచింది. క్లచ్ పట్టి ఉన్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే బండితో సహా కాలువలో ఉండేవాణ్ణి. దిగి చూస్తే యాక్సిలరేటర్ వైరు బిగుసుకుపోయి ఉంది, డిస్క్ బ్రేకు పైపు వీణ తీగలా లాగిపెట్టి ఉంది. పైపు అలా రోజూ లాగుతూ ఉంటే, ఏదో ఒకనాడు కొస దగ్గర పగిలి బ్రేక్ ఆయిల్ కారిపోతుంది, ముందు బ్రేకు ఉండదు. హ్యాండిల్ ఎత్తు పెరిగితే క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, బ్రేకు పైపు, ఈ మూడింటి పొడవూ పెరిగి తీరాలని నాకు అప్పుడు తెలిసివచ్చింది.

మరునాడు మా ఊరి పాత మెకానిక్ దగ్గరకు వెళ్ళాను. ఆయన చూడగానే, "హ్యాండిల్ బిగించడం పని కాదు బాబూ, దాని వెనకాలున్నవి సర్దడమే పని" అన్నారు. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, బ్రేకు పైపు మూడూ పొడవైనవి తెప్పించి, ఫోర్కుకు రాసుకోకుండా, ట్యాంకు కింద నలగకుండా దారి చూసి వేశారు. హెడ్‌లైటు డూమ్ విప్పి, లోపల చుట్టి ఉన్న స్విచ్చుల వైర్లను పైకి వదులు చేశారు. తరువాత, పైపు మార్చినప్పుడు బ్రేకులో చేరిన గాలి తీయడానికే ఎక్కువ సమయం పట్టింది. సన్నని గొట్టంలోంచి బుడగలు రావడం పూర్తిగా ఆగేదాకా ఆయన లివరు నొక్కుతూ, నట్టు వదులుతూ, మళ్ళీ బిగిస్తూనే ఉన్నారు. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది కనుక ట్యాంకు మీద ముందే తడిగుడ్డ కప్పారు. అంత ఓపికగా పని చేసే మనిషి దొరకడం నా అదృష్టం.

చివరకు ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించారు. శబ్దం మారలేదు. హ్యాండిల్ మార్చిన ప్రతివారూ ఇంటికి బయలుదేరే ముందు ఈ ఒక్క పరీక్ష తప్పక చేయాలి.

ఇంకా ఎత్తైనవీ దొరుకుతాయి కానీ, చేతులు భుజాల కంటే పైకి లేస్తే రక్తం దిగి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. పైగా మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. నేను అదే బండి కుటుంబంలోని హ్యాండిల్‌తో ఆగడానికి అదీ ఒక కారణం.

కాలువ గట్ల మీద నలభైలో వెళ్తుంటే ఇప్పుడు నడుము నిటారుగా, మోచేతులు కొద్దిగా వంగి, ఎంతో హాయిగా ఉంది. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన మీద మాత్రం ఛాతీకి గాలి నేరుగా తగులుతుంది. డెబ్బై దాటితే హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడుతున్నట్లనిపిస్తుంది కనుక అక్కడ వేగం తగ్గిస్తున్నాను.

హ్యాండిల్‌ను పట్టి ఉంచే క్లాంపు బోల్టులను వారం తిరిగాక మళ్ళీ బిగించుకోమని మెకానిక్ చెప్పారు. హ్యాండిల్‌కూ క్లాంపుకూ కలిపి తెల్ల పెయింటుతో సన్నని గీత గీశారు, హ్యాండిల్ జరిగితే గీత రెండుగా విడిపోయి కనిపిస్తుందని. రోజూ తాళం తిప్పే ముందు దాన్ని చూస్తున్నాను. ఇప్పటివరకు కదల్లేదు.