ధ్వని మీద నిలిచిన థర్మాకోల్ గింజ

దారం గాని అయస్కాంతం గాని లేకుండా, చెవికి వినబడని ధ్వనితోనే ఒక థర్మాకోల్ గింజను గాలిలో నిలబెట్టవచ్చు. విజయనగరంలో, అందులోనూ నడివేసవిలో, ఈ ప్రయోగం చేసిన తరువాత దీని కీలకమంతా ధ్వనిని పుట్టించే రెండు భాగాల మధ్య ఎడం కొలతలోనే ఉందని నాకు గట్టి నమ్మకం కలిగింది.

పరికరం చిన్నదే. దూరాన్ని కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సారు నుండి విడదీసిన రెండు 40 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్లు (విద్యుత్తును ధ్వనిగా మార్చే బిళ్లలు), ఒక ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డు, మోటార్లను నడిపే ఒక డ్రైవర్ బోర్డు సరిపోతాయి. ట్రాన్స్‌డ్యూసర్లను కింద ఒకటి, పైన ఒకటి ఎదురెదురుగా బిగిస్తే, వాటి మధ్య స్థిర తరంగం, అంటే ముందుకు సాగకుండా ఉన్నచోటే కంపించే తరంగం, ఏర్పడుతుంది. అందులో పీడనం దాదాపు మారని అస్పందన స్థానాల వైపుకు ధ్వని గింజను నెడుతుంది. బరువు వల్ల గింజ ఆ స్థానానికి కొద్దిగా దిగువన నిలుస్తుంది. 1919లో సంగీత కళాశాల వెలసిన ఈ ఊరిలో అస్పందన స్థానమంటే ఏమిటో వయొలిన్ మీదే చూపవచ్చు: తీగను సరిగ్గా మధ్యలో వేలితో సుతారంగా తాకి కమాను లాగితే, ఆ చోటు కదలకుండా ఉండగా ఇరువైపులా తీగ కంపించి పై స్థాయి స్వరం పలుకుతుంది.

ఇక రెండు ట్రాన్స్‌డ్యూసర్ల మధ్య ఎడం సంగతి. అది సగం తరంగదైర్ఘ్యానికి (ఒక అల పొడవులో సగానికి) సరిగ్గా ఇన్ని రెట్లు అని కుదిరితేనే స్థిర తరంగం బలంగా ఉంటుంది. ధ్వని వేగం 20 డిగ్రీల వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు, 35 డిగ్రీల వద్ద సుమారు 352 మీటర్లు. అంటే సగం తరంగదైర్ఘ్యం 4.3 మిల్లీమీటర్ల నుండి 4.4కు పెరుగుతుంది. పది సగం తరంగదైర్ఘ్యాల ఎడంలో ఆ తేడా ఒక మిల్లీమీటరు దాటుతుంది కనుక, తెల్లవారుజామున కుదిరిన ఎడం మధ్యాహ్నానికి పనికిరాదు. అందుకే పై ట్రాన్స్‌డ్యూసరును మరతో జరిపే ఏర్పాటు తప్పనిసరి అంటాను. ఎంత ఉక్కపోసినా ఫ్యాను మాత్రం ఆపవలసిందే. పిల్లులు, కుక్కలు ఈ ధ్వనిని వినగలవు కాబట్టి వాటిని గదిలో ఉంచకూడదు.

తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నవైన గింజల విషయంలో పరిమాణం కంటే సాంద్రత ముఖ్యం, ఎందుకంటే ధ్వని బలమూ బరువూ రెండూ ఘనపరిమాణంతో పాటే పెరుగుతాయి. థర్మాకోల్ తేలడం, నీటి చుక్క జారిపోవడం అందువల్లనే. నీటిని నిలపాలంటే 2017లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన టైనీలెవ్ వంటిది కావాలి. అందులో 72 ట్రాన్స్‌డ్యూసర్లు రెండు గిన్నెల ఆకారంలో ఒకే చోటికి గురిపెట్టి ఉంటాయి. నేనిప్పుడు కడుతున్నది దానినే. ఒక గిన్నెలోని ట్రాన్స్‌డ్యూసర్లన్నీ ఒకే దశలో, అంటే ఒకేసారి ముందుకూ ఒకేసారి వెనక్కూ, కంపించాలి కనుక, అతికించే ముందు ఒక్కొక్కదాని ధ్రువతను (ఏ కొన ప్లస్, ఏది మైనస్ అన్నది) పరీక్షించి గుర్తు పెడుతున్నాను.