పిల్లలమర్రిలో పిల్లలెవరు?

మా పాపకు తెలుగు నేర్పింది జంట మాటలతో. పిల్లలంటే కిడ్స్, పాలంటే మిల్క్, ఊరంటే విలేజ్. డాలస్‌లో శనివారం పొద్దున ఒక గంట దొరకడమే గొప్ప, అంతకన్నా ఓపిక ఎక్కడిది! ఆ చదువు ఎంత ఒట్టిదో మొన్న క్రిస్మస్ సెలవుల్లో పాలమూరు వెళ్లినప్పుడు తేలింది.

పిల్లలమర్రికి పోదామనగానే తొమ్మిదేళ్ల పిల్ల ఆటల బూట్లు తొడుక్కుని ముందు నిలబడింది. ఫోన్‌లో వెతికితే మొదట సూర్యాపేట పక్కనున్న కాకతీయుల గుళ్ల పిల్లలమర్రి వచ్చింది. మా మర్రి మాత్రం పాలమూరు ఊరికి 4 కిలోమీటర్లే. తీరా చేరాక అటూ ఇటూ చూసి, "ఉయ్యాలలు ఎక్కడ నాన్నా?" అంది.

మా అమ్మ నవ్వి ఊడలు చూపించింది. "అరటికి పిలకలు రావా, గట్లనే బిడ్డా. ఊడ దిగి, నేల తాకి, మానైతది. గివన్నీ దీని పిల్లలే."

700 ఏళ్లు దాటిందంటారు, 3 ఎకరాల దాకా కమ్ముకుంది. దూరానికి పచ్చటి గుట్టలా ఉంటుంది. దగ్గరికొస్తే అన్నీ మానులే. తల్లి మొదలేదో నాకూ అంతుపట్టలేదు, పాప మాత్రం కంచె వెంట నడుస్తూ వెతుకుతూనే ఉంది.

2017 చివర్లో చెదలు తిన్న పెద్ద కొమ్మ విరిగిపడింది. మానుకు కన్నాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయిందట. దాంతో 2018లో వందల సెలైన్ సీసాలు కొమ్మలకు కట్టి, మందును చుక్కచుక్కగా ఎక్కించారు. ఇది చెప్పగానే, "దీనికి ఇన్సూరెన్స్ ఉందా?" అంది. అమెరికా పిల్ల కదా. ఆ మాట మా అమ్మకు విడమరచి చెప్పాల్సిన పని పడలేదు.

తిరుగుదారిలో ఇంకో ప్రశ్న: "పాలమూరంటే మిల్క్ విలేజా?" 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టి దీన్ని మహబూబ్‌నగర్ చేశారు గానీ, మా అమ్మ నోట ఇప్పటికీ పాలమూరే. పాడి వల్ల ఆ పేరొచ్చిందనేవాళ్లున్నారు, పాలచెట్ల వల్ల అనేవాళ్లూ ఉన్నారు.

"పాలచెట్టంటే?"

జంట మాట కోసం తడుముకున్నాను, దొరకలేదు. "చూపించు మరి," అంది. డ్రైవర్‌ను బండి ఆపమన్నాను.